పల్సు ఆకారం మారిస్తే పదార్థం జవాబు మారుతుంది

1961లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో పీటర్ ఫ్రాంకెన్ బృందం ఒక ప్రయోగం చేసింది. లేజర్ పుట్టి అప్పటికి ఏడాదే అయింది. రూబీ లేజర్ నుంచి వచ్చే 694 నానోమీటర్ల ఎర్రటి కాంతిని క్వార్ట్జ్ స్ఫటికంలోకి పంపితే, అవతలి వైపు ఎరుపుతో పాటు 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కూడా కాస్త బయటికొచ్చింది. తరంగదైర్ఘ్యం సరిగ్గా సగం, అంటే పౌనఃపున్యం రెట్టింపు. ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద అది చిన్న చుక్కలా పడింది. ఆ ఫొటోను ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికకు పంపితే, అచ్చుకు సిద్ధం చేసేవాళ్లు దాన్ని ఏదో మరక అనుకుని చెరిపేశారు. ఇప్పటికీ ఆ పేపర్ తెరిస్తే బాణం గుర్తు కనిపిస్తుంది, అది చూపించే చోట మాత్రం ఏమీ ఉండదు.

అప్పటిదాకా పదార్థాల కాంతి గుణాలంటే పట్టికలో రాసిపెట్టుకునే అంకెలు. నీటి వక్రీభవన గుణకం 1.33, మామూలు గాజుది సుమారు 1.5, వజ్రానిది 2.42. దీపం వెలుతురైనా మిట్టమధ్యాహ్నం ఎండైనా ఆ అంకె ఒకటే. దానికి కారణం ఉంది. కాంతి అంటే ఊగే విద్యుత్ క్షేత్రం. అది పదార్థంలోకి దూరితే అక్కడి ఎలక్ట్రాన్లను అటూ ఇటూ కదుపుతుంది. కదిలే ఎలక్ట్రాన్లు తిరిగి కాంతిని వెలువరిస్తాయి. గాజులో కాంతి నెమ్మదించడం, వంగడం, రంగు పదార్థంలో ఇంకిపోవడం, అన్నీ ఈ కదలిక వల్లే. క్షేత్రం బలహీనంగా ఉన్నంతసేపు ఎలక్ట్రాను కదలిక దానికి అనుపాతంలోనే ఉంటుంది: రెట్టింపు తోస్తే రెట్టింపు కదులుతుంది. ఎండలో విద్యుత్ క్షేత్రం మీటరుకు వెయ్యి వోల్టుల లోపే. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రానును పట్టి ఉంచే క్షేత్రం మీటరుకు సుమారు 50 వేల కోట్ల వోల్టులు. ఎండ దాని ముందు ఏ మూలకి?

లేజర్ వచ్చాక ఈ తేడా తగ్గడం మొదలైంది. క్షేత్రం బలంగా ఉన్నప్పుడు ఎలక్ట్రాను కదలిక అనుపాతం తప్పుతుంది, వచ్చిన కాంతిలో లేని పౌనఃపున్యాలను కూడా వెలువరిస్తుంది. ఫ్రాంకెన్ చూసిన రెట్టింపు పౌనఃపున్యం అదే. దీన్ని రెండో హార్మోనిక్ అంటారు. ఆకుపచ్చ లేజర్ పాయింటర్లలో చాలా వాటి లోపల జరిగేది కూడా ఇదే: కంటికి కనపడని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి ఒక స్ఫటికంలో 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పదార్థం ఇచ్చే జవాబు మనం పంపే కాంతి మీద కూడా ఆధారపడుతుందంటే, ఆ కాంతిని తీర్చిదిద్ది పంపితే జవాబును కూడా మనకు కావలసినట్టు తెచ్చుకోవచ్చు. ఈ రంగంలో జరిగే పని అంతా ఈ ఆశ చుట్టూ తిరిగేదే. వార్తల్లో దీన్ని ఎక్కువగా "అతివేగ స్విచ్" అని రాస్తారు. నా లెక్కలో వేగం రెండో విషయం. పదార్థంలో వేడి మిగలకుండా దాని గుణాన్ని మార్చగలమా అన్నదే అసలు ప్రశ్న.

పొట్టి పల్సులో రంగులెక్కువ

క్షేత్రాన్ని బలంగా చేయాలంటే పెద్ద విద్యుత్ కేంద్రం అక్కర్లేదు. శక్తి కొద్దిగానే ఉన్నా, దాన్ని అతి తక్కువ సమయంలో కుక్కితే చాలు. అలా వచ్చే పొట్టి కాంతి తునకే పల్సు. ఒక మిల్లీజౌలు అంటే ఏమంత శక్తి కాదు. దాన్ని 100 ఫెమ్టోసెకన్లలో వదిలితే ఆ క్షణంలో ప్రవహించే సామర్థ్యం వెయ్యి కోట్ల వాట్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతును మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే వచ్చేది. ఆ వ్యవధిలో కాంతి కూడా 0.3 మైక్రోమీటర్లే వెళ్తుంది. ఇంత తీక్షణమైన పల్సులను పెంచబోతే పెంచే పరికరమే కాలిపోయేది. 1985లో రోచెస్టర్ యూనివర్సిటీలో డొన్నా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ పల్సును ముందు సాగదీసి, పలచబడ్డాక శక్తి పెంచి, చివర్లో మళ్లీ కుదించే పద్ధతి కనిపెట్టారు. 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం వాళ్లిద్దరిదీ.

అయితే ఇంత పొట్టి పల్సు ఒకే రంగులో ఉండటం కుదరదు. ఇది పరికరం లోపం కాదు, తరంగాల గణితమే అంత. 800 నానోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకన్ల పల్సు కావాలంటే కనీసం 9 నానోమీటర్ల మేర రంగులు కలవాలి, 10 ఫెమ్టోసెకన్లకైతే సుమారు 94 నానోమీటర్లు. ఈ రంగులన్నీ ఒకే క్షణంలో శిఖరానికి చేరితేనే పల్సు పొట్టిగా, పదునుగా ఉంటుంది. కోలాటంలో అందరి కర్రలూ ఒకేసారి తగిలితే ఒక్క దెబ్బ ఠంగున వినిపిస్తుంది. ఒక్కొక్కరూ రవ్వంత వెనక్కో ముందుకో జరిగితే, మనుషులు వాళ్లే, కొట్టే బలమూ అదే, కానీ వినిపించేది పొడుగాటి గలగల. ప్రతి రంగూ ఎంత ముందు, ఎంత వెనక అన్న ఈ లెక్కనే ఫేజ్ అంటారు. ఒక్కో రంగు ఫేజ్‌ను విడివిడిగా మార్చగలిగితే పల్సుకు ఏ ఆకారమైనా ఇవ్వొచ్చు: సాగదీయవచ్చు, రెండు ముక్కలు చేయొచ్చు, వరసగా పది పల్సులు చేయొచ్చు.

మరి ఫెమ్టోసెకన్లలో పనిచేసే కత్తెర ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ అంత వేగంగా కదలదు. ఇందులోని తెలివి నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ వేగంతో పోటీ పడటమే మానేశారు. పల్సును ఒక గ్రేటింగ్ (దగ్గరదగ్గరగా సన్నని గీతలు చెక్కిన అద్దం) మీద పడేస్తే రంగులు విడిపోతాయి. ఒక కటకం వాటిని వరసగా పక్కపక్కన పరుస్తుంది. అక్కడ లిక్విడ్ క్రిస్టల్ పలక పెడతారు, టీవీ తెరల్లో ఉండే జాతి పదార్థమే. పలకలోని ఒక్కో గడికి ఒక్కో వోల్టేజీ ఇస్తే, దాని గుండా వెళ్లే రంగు ఒక్కో మేరకు ఆలస్యమవుతుంది. తర్వాత ఇంకో కటకం, ఇంకో గ్రేటింగ్ రంగులన్నిటినీ మళ్లీ ఒకటిగా కలుపుతాయి. లిక్విడ్ క్రిస్టల్ కదలడానికి మిల్లీసెకన్లు పట్టినా ఫరవాలేదు, ముందే సర్దిపెట్టుకుంటారు కాబట్టి. కాలంలో చేయలేని పనిని చోటులోకి మార్చి నింపాదిగా చేస్తారు. ఈ పద్ధతిని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు ఆండ్రూ వైనర్. 1980ల చివర్లో బెల్‌కోర్ అనే అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థలో జొనథన్ హెరిటేజ్ తదితరులతో మొదలుపెట్టి, తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో కొనసాగించాడు. 1990ల మొదట్లో వాడిన పలకల్లో 128 గడులుండేవి.

శక్తి అంతే, జవాబు సున్నా

పల్సు ఆకారం ఎంత పని చేస్తుందో చూపించే ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో డోరాన్ మెషులాక్, యారోన్ సిల్బర్‌బర్గ్ చేసినది. 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. తీసుకున్నది సీజియం ఆవిరి. అందులోని ఒక ఎలక్ట్రాన్ ఎంచుకున్న పై శక్తి స్థాయికి ఎక్కాలంటే 822 నానోమీటర్ల ఫోటాన్లు (కాంతి రేణువులు) రెండు ఒకేసారి కావాలి, వాటి మొత్తం శక్తి దాదాపు 411 నానోమీటర్ల ఫోటాన్ ఒకదానికి సమానం. ఫెమ్టోసెకను పల్సులో రంగులు చాలా ఉంటాయి కదా, అందుకని రెండూ సరిగ్గా 822 కానక్కర్లేదు. ఒకటి కాస్త ఎరుపు వైపు, ఇంకొకటి అంతే దూరం నీలం వైపు ఉండి, మొత్తం శక్తి సరిపోతే చాలు. అంటే పైకెక్కడానికి ఒకే దారి లేదు, లెక్కలేనన్ని జంటలున్నాయి. క్వాంటం నియమం ప్రకారం ఈ దారులన్నీ తరంగాల్లా కలుస్తాయి, కొన్నిసార్లు బలపరచుకుంటాయి, కొన్నిసార్లు రద్దు చేసుకుంటాయి.

ఒక్కో జంట వాటాను నిర్ణయించేది ఆ రెండు రంగుల ఫేజ్‌ల మొత్తం. ఎరుపు వైపు రంగుకు ఎంత కలిపారో నీలం వైపు రంగుకు అంతే తీసేస్తే మొత్తం సున్నా. అప్పుడు పల్సు సాగిపోయి, దాని శిఖరం ఎంత పడిపోయినా, సీజియం శోషించేది ఏమాత్రం తగ్గదు. కాంతి తీవ్రత తగ్గితే రెండు ఫోటాన్ల శోషణ తగ్గుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది, ఇక్కడ తగ్గలేదు. రెండు వైపులా ఒకే రకంగా, తగిన మోతాదులో ఫేజ్ మారిస్తే సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: జంటల వాటాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదే శక్తి, అవే రంగులు, కానీ ఆ పల్సుకు సీజియం పారదర్శకమైపోతుంది. వీటిని చీకటి పల్సులు అన్నారు.

ఈ ప్రయోగంలో పదార్థాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సీజియం సీజియంలాగే ఉంది. మారింది దాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. ఒక మెలిక కూడా ఉంది. సీజియం శక్తి స్థాయిలు సూది మొనలా సన్నగా ఉంటాయి కాబట్టి రద్దు ఇంత శుభ్రంగా కుదిరింది. ద్రావణంలోని రంగు అణువుల్లోనూ ఘన పదార్థాల్లోనూ స్థాయిలు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. అక్కడ శోషణను తగ్గించగలరు, పెంచగలరు, పూర్తిగా మాయం చేయడం మాత్రం కష్టం.

స్ఫటికాల్లో అణువుల కంపనాల మీద కూడా ఈ పట్టు సాధించారు. 1990లో వైనర్, ఎంఐటీకి చెందిన కీత్ నెల్సన్ తదితరులు పెరిలీన్ స్ఫటికంలోకి ఒక్క పల్సుకు బదులు వరసగా పల్సులు పంపారు. రెండు పల్సుల మధ్య ఎడం స్ఫటికంలోని ఒక కంపనం వ్యవధికి సమానంగా ఉంచితే ఆ కంపనం మాత్రమే పెరిగింది, మిగతావి పెరగలేదు. దీని వెనక ఉన్నది 1928లో కలకత్తాలో సి.వి. రామన్ చూపించిన ప్రభావమే. రామన్ చూసినప్పుడు కంపనాలు వాటంతట అవి కాంతి రంగును మార్చాయి, ఇక్కడ కాంతి కంపనాలను ఎంచుకుని లేపింది.

ఏ ఆకారం పంపాలో ముందే తెలియనప్పుడు ఏం చేయాలి? 1992లో రిచర్డ్ జడ్సన్, హెర్షెల్ రాబిట్జ్ ఒక మాట అన్నారు: లెక్కలు కట్టడం మానేసి పదార్థాన్నే అడుగుదాం. కంప్యూటర్ అడ్డదిడ్డంగా కొన్ని ఆకారాలు పంపుతుంది, ఫలితం కొలుస్తుంది, మెరుగ్గా వచ్చినవాటిని కలిపి కొత్తవి తయారు చేస్తుంది, మళ్లీ పంపుతుంది. 1998లో జర్మనీలోని వ్యూర్ట్స్‌బర్గ్‌లో గుస్తావ్ గెర్బర్ బృందం ఈ పద్ధతిలో ఒక ఇనుప సమ్మేళనంలో ఏ బంధం తెగాలో కొంతమేర ఎంచుకోగలిగింది. తర్వాత పదేళ్లు ఈ ఊపు బాగా నడిచింది. నాకైతే దీని మీద పూర్తి నమ్మకం లేదు. ఆకారం దొరుకుతుంది, పని చేస్తుంది, ఎందుకు పని చేసిందో మాత్రం చాలాసార్లు తెలియదు. కొన్ని సందర్భాల్లో ఆ గొప్ప ఆకారం చేసిందల్లా తీవ్రతను తగ్గించడమేనని తర్వాత తేలింది. ఆ పనికి నల్ల గాజు ముక్క ఒకటి అడ్డం పెట్టినా సరిపోయేది.

పదార్థాన్నే మార్చడం

ఇంతవరకు పదార్థం అలాగే ఉంది, మనం అడిగే తీరు మారింది. ఒక బలమైన పల్సుతో పదార్థాన్నే మార్చి, ఇంకో బలహీనమైన కాంతి దాన్ని ఎలా చూస్తుందో కొలవడం వేరే సంగతి. ఈ రెండిటినీ కలిపేసి రాసే వ్యాసాలే ఎక్కువ, అందుకే చదివేవాళ్లకు తికమక.

మార్చడానికి తేలిక దారి వేడి. వనేడియం డయాక్సైడ్ 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర విద్యుత్ బంధకం నుంచి లోహంలా మారుతుంది, పరారుణ కాంతిని అప్పటిదాకా పోనిచ్చేది ఇక వెనక్కి కొట్టడం మొదలుపెడుతుంది. లేజర్ పల్సుతో ఈ మార్పును పికోసెకను (వెయ్యి ఫెమ్టోసెకన్లు) లోపే తేవచ్చు. కానీ వెనక్కి రావడానికి? పదార్థంలో పడిన వేడి బయటికి పోవాలి, దానికి నానోసెకన్లు (ఒక్కోటి వెయ్యి పికోసెకన్లు) పడుతుంది. వెళ్లడం వేగం, రావడం నెమ్మది. స్విచ్ అంటే రెండూ వేగంగా ఉండాలి.

ఇండియం టిన్ ఆక్సైడ్ (ఐటీఓ) కొంచెం నయం. ఫోన్ల టచ్ స్క్రీన్ల మీద పారదర్శకంగా ఉంటూనే విద్యుత్తును మోసే పొర ఇదే. పరారుణంలో ఒక చోట దీని పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) సున్నా దగ్గరికి వస్తుంది, అక్కడ చిన్న మార్పు కూడా పెద్ద ప్రభావం చూపిస్తుంది. 2016లో రాబర్ట్ బాయిడ్ బృందం లేజర్ పల్సుతో దీని వక్రీభవన గుణకాన్ని 0.72 మేర మార్చింది. ఇది ఎంత పెద్దదో తెలియాలంటే గాజుతో పోల్చాలి: చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల వాట్ల తీవ్రత దగ్గర కూడా సిలికా గాజు గుణకం 0.0003 కంటే ఎక్కువ మారదు. పైగా ఐటీఓ సుమారు 360 ఫెమ్టోసెకన్లలో మామూలు స్థితికి వచ్చేసింది. ఇక్కడ వేడెక్కేది ముందుగా ఎలక్ట్రాన్లు, పరమాణువుల జాలకం కాదు, అందుకే ఆ వేగం. 2023లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఇదే పదార్థాన్ని వెంటవెంటనే రెండుసార్లు అద్దంలా చేసి, కాలంలో రెండు చీలికలు పెట్టింది. 1801లో థామస్ యంగ్ చోటులో పెట్టిన చీలికలు దిశల్లో చారలు ఇచ్చాయి, ఇవి రంగుల్లో చారలిచ్చాయి. ఆ చారల నుంచి పదార్థం ఎంత వేగంగా స్పందించిందో లెక్క వేస్తే, అది అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, దాదాపు కాంతి ఒక్కసారి ఊగే వ్యవధి స్థాయిలో ఉంది. అయినా ఎలక్ట్రాన్లు శక్తిని మింగుతున్నాయి. చివరికి ఆ శక్తి వేడిగా మారాల్సిందే.

మింగకుండా మార్చడం ఎలా? దీనికి 19వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితజ్ఞుడు గాస్తోన్ ఫ్లోకె పేరుతో ఒక సిద్ధాంతం ఉంది. స్ఫటికంలో పరమాణువులు క్రమం తప్పకుండా పేర్చి ఉంటే ఎలక్ట్రాన్లకు శక్తి పట్టీలు ఏర్పడతాయి, అది చోటులో ఉన్న క్రమం. కాంతి ఒకే లయలో ఊగుతుంటే అది కాలంలో క్రమం. ఆ లయలో ఊగే ఎలక్ట్రానుకు అసలు శక్తి స్థాయిలతో పాటు, ఒక్కో ఫోటాను శక్తి ఎడంతో వాటి నకళ్లు కూడా ఏర్పడతాయి. 2013లో ఎంఐటీలో నూహ్ గెడిక్ బృందం బిస్మత్ సెలినైడ్ ఉపరితలం మీద ఈ నకళ్లను నేరుగా చూసింది. నకళ్లు అసలు స్థాయిలతో కలిసి వాటిని కిందికో పైకో జరుపుతాయి. స్థాయిలు జరిగితే కాంతి గుణాలు మారతాయి. ఇక్కడ కాంతి పదార్థం మీద పడి పోవడం లేదు, కాంతి ఉన్నంతసేపు ఆ రెండూ కలిసి ఒకే వ్యవస్థ. ఫోటాను శక్తి ఏ రెండు స్థాయిల మధ్య దూరానికీ సరిపోకుండా ఎంచుకుంటే, ఎలక్ట్రాన్ దాన్ని మింగలేదు.

2021లో అమెరికాలోని కాల్టెక్‌లో డేవిడ్ షే బృందం నేచర్‌లో ప్రచురించిన ఫలితం ఈ పద్ధతిలో నేను చూసినవాటిలో అన్నిటికంటే శుభ్రమైనది. పదార్థం మాంగనీస్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్, పొరలు పొరలుగా ఉండే అయస్కాంత బంధకం. మైనస్ 195 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన దీనిలో మాంగనీసు అయాన్ల స్పిన్‌లు (ఒక్కో అయాను చిన్న అయస్కాంతంలా చూపే దిశలు) ఒకటి పైకి, పక్కది కిందికి చొప్పున సర్దుకుంటాయి. ఈ అమరిక స్ఫటికం సౌష్ఠవాన్ని భంగపరుస్తుంది, దాంతో ఫ్రాంకెన్ చూసిన రెండో హార్మోనిక్ ఇక్కడ పుట్టే వీలు కలుగుతుంది. అయాను లోపలి ఎలక్ట్రాన్ తర్వాతి స్థాయికి ఎక్కడానికి కావలసినదానికంటే బాగా తక్కువ శక్తి ఉన్న ఫోటాన్లతో బలమైన పల్సు పంపి, ఇంకో కాంతితో రెండో హార్మోనిక్‌ను కొలిచారు. క్షేత్రం మీటరుకు 100 కోట్ల వోల్టుల స్థాయికి చేరినప్పుడు, పల్సు ఉన్నప్పటి సంకేతానికీ లేనప్పటి సంకేతానికీ తేడా పది రెట్లు దాటింది. మారడానికీ తిరిగి రావడానికీ పట్టింది 100 ఫెమ్టోసెకన్ల స్థాయి సమయం.

ఇది వేడి పని కాదని ఎలా చెప్పగలం? వేడే అయితే స్పిన్‌ల అమరిక చెదిరి, పల్సు వెళ్లిపోయాక కూడా సంకేతం చాలాసేపు తగ్గే ఉండాలి. అలా జరగలేదు. పల్సు దాటగానే సంకేతం మళ్లీ మొదటికొచ్చింది, కొలవగలిగినంతలో శక్తి నష్టం కనిపించలేదు. ఇంకా పెంచకుండా ఆపిన హద్దు సిద్ధాంతంలో లేదు, అంతకంటే పెంచితే స్ఫటికమే దెబ్బతింటుంది. పల్సు ధ్రువణ దిశను (విద్యుత్ క్షేత్రం ఊగే దిశను) మార్చినప్పుడు ఫలితం ఎలా మారాలో లెక్కలు చెప్పాయి, కొలతలు వాటితో సరిపోయాయి. గుడ్డిగా వెతికే కంప్యూటర్ కంటే నాకు ఇదే నచ్చుతుంది: ఎందుకు జరిగిందో ఒక్క అయాను నమూనాతో లెక్క కట్టి చూపించారు.

మన దగ్గర కూడా ఈ పనికి పునాది ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకను లేజర్లతో నాన్‌లీనియర్ ఆప్టిక్స్ (పదార్థం జవాబు అనుపాతం తప్పే ఈ రకం కాంతి శాస్త్రం) పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతోంది, ఐఐటీ కాన్పూర్‌లో దేబబ్రత గోస్వామి బృందం పల్సుల ఆకారాల మీదే పనిచేస్తూ వచ్చింది.

ఇక రేపటి కంప్యూటర్ల సంగతి. ఈ వార్తలన్నీ అక్కడికే తీసుకెళ్తాయి కాబట్టి చిన్న లెక్క వేద్దాం. మీటరుకు 100 కోట్ల వోల్టుల క్షేత్రం కావాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 13,000 కోట్ల వాట్ల తీవ్రత ఉండాలి. పల్సు 100 ఫెమ్టోసెకన్లు, అది పడే చోటు ఒక చదరపు మైక్రోమీటరు అనుకుందాం. ఒక్కసారి మార్చడానికి పంపాల్సిన శక్తి సుమారు 0.13 నానోజౌళ్లు. నేటి చిప్‌లో ఒక ట్రాన్సిస్టర్ మారడానికి ఫెమ్టోజౌలు స్థాయి శక్తి చాలు, అంటే ఇది లక్ష రెట్లకు పైగా ఎక్కువ. సెకనుకు వంద కోట్ల సార్లు మార్చాలంటే ఆ చిన్న చోటు గుండా 0.13 వాట్లు నిరంతరం ప్రవహించాలి. ఇక్కడే వేడి మిగలకపోవడం అక్కరకొస్తుంది. పదార్థం ఆ శక్తిని మింగడం లేదు కాబట్టి పల్సు దాదాపు అంతే శక్తితో అవతలికి వస్తుంది, అద్దాల మధ్య తిప్పి మళ్లీ వాడుకునే వీలుంటుంది. ఐటీఓ లాంటి పదార్థాల్లో ఆ వీలు లేదు, మింగింది పోయినట్టే. ఇక మాంగనీస్ స్ఫటికం పని చేసేది మైనస్ 195 డిగ్రీల కింద. గది ఉష్ణోగ్రత దగ్గర సౌష్ఠవం లేని బంధకాలు చాలానే ఉన్నాయి, లేజర్ పాయింటర్లలో వాడే స్ఫటికాలే అలాంటివి. వాటిలో ఏది ఇంత క్షేత్రానికి పగలకుండా తట్టుకుంటుందో వెతకాలి.